ఎడమకాలి టోర్నమెంటు

సయ్యద్ అబ్దుల్ రహీం ఉద్యోగరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు: ఆయన పనిచేసిన బళ్లు ఇవి. భారత ఫుట్‌బాల్ జట్టుకి ఏషియన్ గేమ్స్‌లో రెండుసార్లు బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్‌గా, ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా తీసుకుపోయిన కోచ్‌గా ఆయన గురించి రాసేవాళ్లు ఈ బళ్ల పేర్లు ఒక్క వాక్యంలో చెప్పేసి గబగబా మెల్‌బోర్న్ విమానం ఎక్కేస్తారు. నాకు మాత్రం ఆయన కథంతా ఆ బళ్లలోనే ఉందనిపిస్తుంది. చివరిదాకా ఆయన పంతులే. క్లాసు కొంచెం పెద్దదైంది, అంతే.

1909లో హైదరాబాదులోనే పుట్టాడు. ఆయన కాలేజీ మెట్లెక్కేనాటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంకా కొత్తది. పై చదువులన్నీ ఉర్దూలోనే నడిచేవి. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో రహీం ఆడాడు. కాలేజీ కుర్రాళ్లూ, కాలేజీ వదిలినవాళ్లూ కలిసి పెట్టుకున్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టుకీ ఆడాడు. డిగ్రీ అయ్యాక మాస్టరీలో చేరాడు. నిజాం రాజ్యంలో చదువుకున్నవాడికి అది గౌరవమైన నౌకరీ. కొన్నాళ్లు పాఠాలు చెప్పాక వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూంలోనూ చాదర్‌ఘాట్‌లోనూ ఆటల బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. స్టాఫ్‌రూము లెక్కల్లో లెక్కల సారు పైమెట్టు మీద, డ్రిల్ సారు కిందిమెట్టు మీద ఉంటారన్నది బడికి వెళ్లిన ప్రతివాడికీ తెలుసు. పైమెట్టు నుంచి తనంతట తాను కిందికి దిగిన మనిషి రహీం. ఆ దిగడంలోనే ఆయన స్వభావం కొంత తెలుస్తుంది.

నేను ఆయన్ని చూడలేదు. 1963 జూన్ 11న ఆయన పోయేనాటికి నేను కాచిగూడలో పలకా బలపం పిల్లవాణ్ణి. కానీ ఆయన వదిలిపోయిన హైదరాబాదులో పెరిగాను. ఆ తర్వాత ఓ పదిహేనేళ్ల దాకా ఆ ఊరు ఆయన నేర్పినట్టే బంతి ఆడింది. ఇప్పటి పిల్లలకి ఆ ఊరు గురించి చెబితే నమ్మరు. హైదరాబాదులో గల్లీ గల్లీకి క్రికెట్టు కాదు, ఫుట్‌బాల్ జట్టు ఉండేదంటే కళ్లు పెద్దవి చేసి చూస్తారు.

బడి వదలగానే సంచీ ఇంట్లోకి విసిరేసి పరుగు. బడి వెనక జాగా, రైలుపట్టాల పక్క జాగా, మసీదు ముందు జాగా, ఎక్కడ నాలుగు ఇటుకలు పెట్టడానికి వీలుంటే అక్కడ రెండు గోల్‌పోస్టులు. పెద్దవాళ్ల ఆట చూడాలంటే ఫతే మైదాన్, గోషామహల్ పోలీసు గ్రౌండు, సికింద్రాబాదు జింఖానా. ఫతే మైదానే తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది. బంతి తోలుది. లోపల రబ్బరు బ్లాడరు, మూతికి తోలు తాడు. వానాకాలంలో అది నీళ్లు తాగి రాయిలా బరువెక్కేది. తలతో కొడితే తాడు ముడి నుదుటికి తగిలి అచ్చు దిగేది. ఆ అచ్చుతో ఇంటికి వెళ్తే అమ్మ పసుపు అద్దుతూ తిట్టేది. బ్లాడరు పగిలితే సైకిలు షాపువాడు ట్యూబుకి వేసే ప్యాచీ వేసేవాడు. కుట్లు విడితే మోచీ దగ్గరికి పోవాలి. ఆ మోచీకి మా అందరి పాదాల కొలతలూ తెలుసు. జుమేరాత్ బజారులో పాత బూట్లు కొని అతని ముందు పడేస్తే, మడమ తీసి, అడుగున తోలు ముక్కలు మేకులతో కొట్టి ఇచ్చేవాడు. నెలరోజులు తిరక్కుండా ఆ మేకులు లోపలికి మొలిచేవి. అందుకే మాలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడారు. పేదరికం సగం కారణం, మేకులు సగం కారణం.

మా నాయన చదువుకున్నది ఉర్దూ మీడియంలో. ఇంట్లో తెలుగు మాట్లాడి, ఆఫీసులో ఉర్దూ రాసి, పొద్దున్నే సియాసత్ పత్రిక చదివే తరం ఆయనది. మ్యాచ్ ఫలితాలు ఆ పత్రికలోంచి చదివి మాకు తెలుగులో చెప్పేవాడు. ఆయనకి బంతి తన్నడం రాదు. అయినా ఇరానీ హోటల్లో ఒక పౌనా చాయ్ ముందు పెట్టుకుని సిటీ పోలీసు జట్టులో ఎవరిని దించాలో, ఎవరిని కూర్చోబెట్టాలో గంటసేపు వాదించేవాడు. ఆ బల్ల చుట్టూ తెలుగువాళ్లుండేవాళ్లు, సికింద్రాబాదు నుంచి వచ్చిన అరవవాళ్లుండేవాళ్లు, బార్కస్ అరబ్బులుండేవాళ్లు. రాజకీయం దగ్గర వీళ్లలో ఏ ఇద్దరికీ పడేది కాదు. 1948 గాయాలు అప్పటికింకా ఎవరివి వాళ్లకి పచ్చిగానే ఉండి ఉంటాయి. హాఫ్‌లైన్‌లో ఎవరుండాలన్న దగ్గర మాత్రం పొత్తులు మారిపోయేవి. గతాన్ని మరీ తీపిగా చెబుతున్నానేమో తెలియదు. గొడవలు కూడా చూశాను. కానీ ఆ బల్ల నేను చూసిందే.

ఇక రహీం పద్ధతి. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి.

ఆయన 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యాడు. పోయేదాకా, అంటే ఇరవయ్యేళ్లు, ఆ కుర్చీలోనే ఉన్నాడు. లీగులు నడపడం, గ్రౌండ్లు దొరకబుచ్చుకోవడం, రిఫరీలని తయారుచేయడం ఏ సెక్రటరీ అయినా చేసే పనులే. ఆయన అదనంగా పెట్టినవి కొన్ని వింత టోర్నమెంట్లు. ఒకదాంట్లో ఎవరికి ఏ కాలు వాటం లేదో ఆ కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి వచ్చీరాగానే ఇంకొకడికి పంపెయ్యాల్సిందే. పొట్టి పిల్లలకి విడిగా టోర్నమెంటు, ఫలానా ఎత్తు దాటినవాడికి ప్రవేశం లేదు.

వీటిని ఇప్పుడు చదివితే తమాషాగా అనిపిస్తుంది. లోతుకి వెళ్తే ఇందులో ఉన్నది పంతులు బుర్ర. పిల్లవాడికి ఎడమకాలు కూడా వాడరా అని రోజూ చెబితే వినడు. మ్యాచ్‌లో బంతి పడగానే అలవాటైన కాలే లేస్తుంది. ఉపన్యాసం వల్ల అలవాటు మారదని తరగతి గదిలో పదేళ్లు నిలబడ్డవాడికి తెలుసు. ఏ పాఠం నుంచి ప్రశ్న రాకతప్పదో ఆ పాఠం పిల్లలు వద్దన్నా చదువుతారు. రహీం చేసింది ప్రశ్నపత్రం మార్చడం. కుడికాలి ప్రశ్న తీసేశాడు. కప్పు కావాలంటే ఎడమకాలు నేర్చుకోక ఎక్కడికి పోతారు? అలాగే డ్రిబ్లింగ్. గల్లీలో ఆరితేరిన కుర్రాడు నలుగుర్ని తప్పించి చప్పట్లు కొట్టించుకుంటాడు, గోలు మాత్రం కొట్టడు. వాణ్ణి తిడితే అలుగుతాడు. రూలు పెడితే అలగడానికి మనిషి దొరకడు. పొట్టివాళ్ల టోర్నమెంటు సంగతి ఇంకా చిత్రం. ఆ వయసులో ఒళ్లు ముందుగా పెరిగినవాడు ఊరికే తోసేసి గెలుస్తాడు. పొట్టివాడు నైపుణ్యం ఉండీ పక్కన కూర్చుంటాడు. వాడికి ఒక మైదానం విడిగా ఇవ్వాలన్న ఆలోచన, పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఏళ్లతరబడి చూసినవాడికి తప్ప రాదు.

మా హైస్కూలు డ్రిల్ సారు చిన్నప్పుడు ఆ టోర్నమెంట్లలో ఆడినవాడే. ఎప్పుడూ తెల్ల ప్యాంటు, మెడలో విజిలు, జేబులో పాన్ డబ్బా. ఆయన శనివారం శనివారం ఎడమకాలి ఆట పెట్టేవాడు. రిఫరీకి గుర్తుండాలని అందరి కుడికాళ్లకీ రుమాళ్లు కట్టించేవాడు. రుమాలు కట్టిన కాలు బంతికి తగిలితే ఫౌలు. మొదట్లో మా ఆట చూడ్డానికి ఆడపిల్లలు గోడెక్కేవాళ్లు, నవ్వడానికి. ఒక్కొక్కడు బంతిని వదిలేసి గాలిని తన్ని వెల్లకిలా పడేవాడు. సారు మాత్రం నవ్వేవాడు కాదు. ఆయన మాతృభాష ఉర్దూ, మాతో మాట్లాడేది అదో కలగలుపు తెలుగు.

"ఏం రా, కుడికాలు మర్చిపోవా నువ్వు?" అనేవాడు.

"అదే లేస్తుంది సార్."

"రేపటిసంది దాన్ని ఇంట్ల పెట్టి రా."

మా క్లాసులో ఒకడు పుట్టుకతో ఎడమచేతి వాటం, ఎడమకాలి వాటం. ఈ శనివారాలు నావే అని మురిసిపోయాడు పాపం. సారు వాడి రుమాలు విప్పి రెండో కాలికి కట్టాడు. ఏడాది తిరిగేసరికి మాలో ఓ అరడజను మంది ఏ కాలితో కొడుతున్నారో చూసి చెప్పడం కష్టమైంది. నేను ఆ అరడజనులో లేను. అయినా ఇవాళ్టికీ టీవీలో మ్యాచ్ చూస్తుంటే నా కళ్లు ముందు ఆటగాడి వాటంలేని కాలు మీదికే పోతాయి. కోట్లు తీసుకునేవాళ్లు కూడా ఎడమకాలితో కొట్టాల్సిన బంతిని కుడికాలికి మళ్లించుకోవడానికి రెండు క్షణాలు పోగొట్టుకుంటారు. మా సారైతే ఊరుకునేవాడు కాదు.

బడి నుంచి పోలీసు జట్టుకి. రహీం చేతికొచ్చాక హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పూ ఆ దశాబ్దంలో ఈ జట్టు చేతికి వచ్చింది. కలకత్తా క్లబ్బులంటే దేశమంతా హడలిపోయే రోజులవి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వాళ్ల వెనక వేలకొద్దీ జనం, దశాబ్దాల చరిత్ర. వీళ్ల వెనక ఉన్నది పోలీసు శాఖ. ఆటగాళ్లు కానిస్టేబుళ్లు. ఈ కానిస్టేబుల్ నౌకరీ సంగతి అర్థంకాకపోతే హైదరాబాదు ఫుట్‌బాల్ అర్థంకాదు. నెలనెలా జీతం, ఖాకీ బట్టలు, తలదాచుకోను క్వార్టరు, ముసలితనంలో పింఛను. బంతి తన్నే కొడుక్కి పిల్లనెవరిస్తారని ఏడ్చే తల్లికి ఇంతకంటే చెప్పాల్సిన జవాబు లేదు. తర్వాత్తర్వాత రైల్వేలు, బ్యాంకులు, బస్సుల వాళ్లు కూడా ఆటగాళ్లని తీసుకున్నారు. మా బస్తీలో ఒక కుర్రాడు ఎనిమిదో తరగతి మూడుసార్లు తప్పాడు. వాళ్లమ్మ వచ్చి డ్రిల్ సారుతో, "జర మావాన్ని పోలీసుల పెట్టియ్యి సారూ" అని మొరపెట్టుకోవడం నేను విన్నాను. సారు వాణ్ణి గోషామహల్ తీసుకుపోయాడు. వాడు డిపార్ట్‌మెంటులో హెడ్డుగా రిటైరయ్యాడు.

తులసీదాస్ బలరాం విషయం అందరికీ తెలిసిందే అయినా చెప్పాలి. సికింద్రాబాదు అవతల అమ్ముగూడలో పుట్టిన పేద తమిళ కుటుంబం పిల్లవాడు. రహీం అతని ఆట చూసి క్యాంపుకి రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి హైదరాబాదు రావాలంటే ఆ రోజుల్లో ఊరు దాటి ఊరు రావడమే. బస్సు డబ్బులు కూడా లేవు. సైకిలు అద్దెకి తీసుకోమని రహీమే డబ్బులిచ్చాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు ఇరవై ఏళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. అద్దె సైకిలు గురించి పెద్దగా రాస్తే మెలోడ్రామా అవుతుంది. నాకు నచ్చేది వేరే సంగతి. పిల్లవాడు ఎందుకు రావడం లేదో కనుక్కోవడం, అది మొండితనం కాదు, చేతిలో పైసలు లేకపోవడమని గ్రహించడం. హాజరుపట్టీ పిలిచే అలవాటున్న మనిషికి ఎవరు రాలేదో వెంటనే తెలుస్తుంది.

జాతీయ జట్టు సంగతులు పుస్తకాల్లో ఉన్నవే కనక త్వరగా చెబుతాను. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్ మీద 1-0. మరుసటి ఏడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10. చలి, తడి నేల, సగంమంది వట్టికాళ్లు. ఆ దెబ్బతోనే దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. ఆ పది గోల్స్ తిన్న కోచ్‌ని మళ్లీ పిలిచారంటే అప్పటి పెద్దలకి కొంత ఓపిక ఉండేదనుకోవాలి. హంగరీ జట్టు ప్రపంచానికి చూపించిన కొత్త ఆటని రహీం శ్రద్ధగా గమనించాడు. సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి లాగి ఆడించే పద్ధతిని మన జట్టుకి తెచ్చాడు. 1958లో బ్రెజిల్ 4-2-4తో ప్రపంచ కప్పు ఎత్తుకుపోకముందే మన వాళ్లు ఆ దారిలో ఉన్నారు.

1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4-2. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా, ఈసారి 1-4. మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మన ఊరివాళ్లు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ మిలిటరీలో చేరకముందు సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆడినవాడే. అప్పటికి సరిగ్గా నెలరోజుల కిందట, నవంబరు 1న, హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లో కలిసిపోయింది. రాష్ట్రం పోయినా జట్టు పేరు పోలేదు. 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు రెండూ హైదరాబాదు పేరు మీదే వచ్చాయి. మా నాయన ఈ ముక్క చెప్పేటప్పుడు గొంతులో ఒక రకమైన పెంకితనం వినిపించేది. ఆయనది ఏ రాజకీయమో నాకు ఎప్పటికీ అంతుపట్టలేదు.

1960 రోమ్ దగ్గర ఒక్క విషయం. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఆ జట్టులో ఉన్నాడు. మూడు మ్యాచ్‌లు జరిగాయి. ఒక్కదాంట్లోనూ దిగలేదు. కోచ్ నాన్న. తర్వాత హకీం వైమానిక దళంలో అధికారి అయ్యాడు, అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, కోచ్ అయ్యాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. ఇప్పటి క్రీడా సంఘాల్లో కొడుకులూ అల్లుళ్లూ ఎలా నెగ్గుకొస్తున్నారో చూస్తుంటే ఆ బెంచీ గుర్తొస్తుంది.

జకార్తా ఏషియన్ గేమ్స్, 1962. రహీం ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. ఇజ్రాయెల్‌కీ తైవాన్‌కీ ఇండోనేషియా వీసాలివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఏషియన్ గేమ్స్ అనకూడదని మన క్రీడా ప్రతినిధి జి.డి. సోంధీ పట్టుబట్టాడు. దాంతో ఊరు ఊరంతా భారతీయుల మీద మండిపడింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయిలాండ్ మీద 4-1 గెలిచారు గానీ బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. ఇక సెమీస్. తలకి కట్టుతో ఉన్న బ్యాక్‌ని ఏ కోచైనా విశ్రాంతిలో పెడతాడు. రహీం అతన్ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో నిలబెట్టాడు. దక్షిణ వియత్నాం మీద 3-2 గెలిచిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియా. అంతకుముందు మ్యాచ్‌ల్లో ఆడిన ప్రద్యుత్ బర్మన్ బదులు ఎత్తరి తంగరాజ్‌ని గోల్‌లోకి దించాడు. లక్షమంది జనం మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ తలకట్టుతోనే ఇంకో గోలు, మూడు నిమిషాల తేడాలో. 2-1. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి బంగారం మళ్లీ రాలేదు.

ఫైనల్ ముందు రహీం ఆటగాళ్లని కూర్చోబెట్టి, ఈ పతకం నాకు కానుకగా ఇవ్వండని అడిగాడని ఆ జట్టువాళ్లు తర్వాత చెబుతూ వచ్చారు. ఈ మాట చుట్టూ చాలా కన్నీళ్లు కార్చారు. నా చూపు మాత్రం జర్నైల్‌ని ముందుకి జరపడం మీదా, గోల్‌లో మనిషిని మార్చడం మీదా ఉంటుంది. చావు దగ్గరికొచ్చిన మనిషి చీటీ మీద పేర్లు తిరగరాస్తూ కూర్చున్నాడు. తొమ్మిది నెలలకి పోయాడు.

ఆయన పోయాక వెంటనే ఏమీ కూలిపోలేదు. 1965-66లో సంతోష్ ట్రోఫీ మళ్లీ వచ్చింది, ఈసారి ఆంధ్రప్రదేశ్ పేరు మీద. మన ఊరి నయీముద్దీన్ నాయకుడిగా 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టుని తయారుచేసిన పీకే బెనర్జీ రహీం చేతికింద ఆడినవాడే. మన ఊరి హబీబ్ 1977లో కలకత్తాలో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినరోజు మా బస్తీలో మిఠాయిలు పంచారు. కానీ చూడండి, హబీబ్ అప్పటికి కలకత్తా ఆటగాడు. ఆయన తమ్ముడు అక్బర్ అక్కడే, నయీముద్దీన్ అక్కడే. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయి, చివరికి ఉత్తరపాడాలోనే స్థిరపడి, 2023లో పోయాడు. కలకత్తా పిలిస్తే వెళ్లకుండా ఉండడానికి ఇక్కడ ఏముంది? కానిస్టేబుల్ జీతం ఒకప్పుడు పెద్ద జవాబు. తర్వాత కాలేదు. వెళ్లినవాళ్లని నేను తప్పుపట్టను. ఊరు ఎగుమతి చేస్తూ పోయింది, కొత్తగా పండించడం మరిచింది.

రహీంకి పెద్ద పురస్కారమేదీ రాలేదు. ద్రోణాచార్య పురస్కారం పెట్టిందే 1985లో. 2024లో ఆయన మీద హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్ ఆ వేషం వేశాడు. మా వయసువాళ్లం నలుగురం కలిసి వెళ్లి చూశాం. నాతో వచ్చిన ఒక పాత క్లాస్‌మేట్, బ్యాంకులో రిటైరైనవాడు, బయటికొచ్చి టీ తాగుతూ అన్నాడు:

"ఎనభై మూడుల కపిల్ దేవ్ కప్పు ఎత్తిండు. ఆడికెల్లి మన ఫుట్‌బాల్ ఖతం."

"కపిల్ దేవ్ మన బడి గ్రౌండుల బిల్డింగు కట్టిండా?" అన్నాను.

కట్టలేదు మరి. మేం ఎడమకాళ్లతో తడబడిన ఆ జాగాలో మొదట రెండు కొత్త గదులు లేచాయి, పిల్లలు ఎక్కువయ్యారని. తర్వాత సైకిళ్ల షెడ్డు. తర్వాత నీళ్ల ట్యాంకు. ప్రతిదానికీ న్యాయమైన కారణమే ఉంది. రైలుపట్టాల పక్క జాగా కబ్జా అయింది. డ్రిల్ సారు రిటైరయ్యాక ఆ పోస్టు చాలా ఏళ్లు ఖాళీగా ఉండిపోయింది, డ్రిల్ పీరియడుని సైన్సు సారు తీసుకున్నాడు. ఎనభైల్లో ఎంసెట్టు వచ్చాక సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా ఉన్న ఆ రెండు గంటలూ ట్యూషన్‌కి పోయాయి. రహీం పద్ధతికి కావలసినవి పెద్దగా ఏమీ లేవు: కొంచెం జాగా, పిల్లల చేతిలో ఖాళీ సాయంత్రం, ప్రభుత్వం జీతమిచ్చే ఒక సారు, ఆ సారు మాట వినే ఒక పోలీసు అధికారి. డబ్బు పెట్టి కొనగలిగినది ఇందులో ఒక్కటీ లేదు. అందుకే డబ్బు వచ్చాక కూడా అది తిరిగి రాలేదు. 2022లో హైదరాబాదు ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ ఛాంపియన్ అయింది, సంతోషమే. కానీ అది ఇంకో వ్యాపారం.

నా క్లాస్‌మేట్ ఇదంతా ఒప్పుకోడు. వాడి మనవడు ఒక అకాడమీకి వెళ్తాడు, పచ్చని కృత్రిమ గడ్డి, రంగురంగుల కోన్‌లు. ఒకరోజు నన్నూ తీసుకెళ్లాడు. అక్కడి కోచ్ మంచి కుర్రాడు, ఓపికమంతుడు. పిల్లలచేత పది నిమిషాలు వాటంలేని కాలితో పాస్‌లు వేయించాడు. ఇది ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని అడిగాను. లైసెన్సు కోర్సులో ఉందన్నాడు, యూరప్ వాళ్ల పద్ధతి అంకుల్ అన్నాడు. రహీం సాబ్ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, ఆ రూళ్లన్నీ విడమరిచి అడిగాడు: ఎన్ని నిమిషాల ఆట, ఎంతమంది, వాటంకాలు తగిలితే ఫౌలిస్తారా, ఫ్రీ కిక్ ఇస్తారా. నాకు తెలిసినంతవరకు చెప్పాను. నెలాఖరుకి ఒక టోర్నమెంటు పెట్టి చూద్దామన్నాడు. గ్రౌండు గంటకి ఇంతని అద్దె కనక, ఎంట్రీ ఫీజు ఎంత పెట్టాలా అని వాడూ నా క్లాస్‌మేటూ లెక్కలు వేయడం మొదలుపెట్టారు.